పగను విడిచి, న్యాయాన్ని విడవక

తనకు హాని చేసినవాడు, వాడు దొరకకపోతే వాడి మనిషి, తాను పడ్డ బాధ పడటం కళ్లారా చూడాలన్న కోరికే పగ అనుకుంటే, దాన్ని మతవిశ్వాసం ఎంతవరకు అదుపు చేయగలదన్న ప్రశ్నను వేదాంతులు, మనస్తత్వవేత్తలు, న్యాయవేత్తలు ఎవరి దారిలో వారు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. ఆ చర్చ ఎక్కువగా యూరప్, అమెరికా, దక్షిణాఫ్రికా అనుభవాల చుట్టూ తిరిగింది. తెలంగాణ పల్లె అందులో దాదాపు కనిపించదు. 2016 అక్టోబరు 11న విడి జిల్లాలుగా ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ఆ ప్రశ్నను పరీక్షించి చూడటానికి తగిన నేల. భూమి కోసం, కులం వల్ల, రాజ్యంతో తలపడటంలో పుట్టిన పగలు ఇక్కడ మూడు తరాలుగా పేరుకుపోయాయి. దక్షిణ భారత క్రైస్తవ చరిత్రలో పెద్ద కేంద్రాల్లో ఒకటైన డోర్నకల్ కూడా ఈ నేల మీదే, మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఈ రెండు చరిత్రలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు తేలేదేమిటంటే, క్రైస్తవ విశ్వాసం పగను చల్లార్చగలిగిన సందర్భాల్లో అది బాధితుడి నోరు నొక్కకుండా అతడి ఫిర్యాదు చెల్లే మరో చోటును చూపించింది. ఆ చోటు లేని సందర్భాల్లో క్షమాబోధ బలవంతుడికి పనికొచ్చే రాజీగా దిగజారింది.

బైబిలు మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఒకే గొంతుతో క్షమను బోధిస్తుందనుకోవడం సరికాదు. ఆదికాండంలో లెమెకు తనను గాయపరచినవాడి మీద డెబ్బది ఏడంతల ప్రతీకారం తన హక్కని భార్యల ముందు చాటుకుంటాడు. కంటికి కన్ను అన్న నిర్గమకాండ నియమం ఇవాళ క్రూరంగా వినిపించినా ఆనాటికి అది పగకు గీసిన హద్దు: పోయిన కంటికి ఒక కన్నే తీయాలి, ఇల్లు తగలబెట్టకూడదు. లేవీయకాండం 19వ అధ్యాయం ఇంకో మెట్టెక్కి, సొంత జనం మీద కక్ష పెట్టుకోరాదనీ పొరుగువాడిని తనలాగే ప్రేమించాలనీ ఒకే ఆజ్ఞలో చెప్పింది. యేసు కొండమీది ప్రసంగం ఆ సొంత జనం అన్న గీతను చెరిపి శత్రువును కూడా లోపలికి తెచ్చింది. ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగినప్పుడు ఆయన చెప్పిన ఏడు డెబ్బైల లెక్క, లెమెకు లెక్కను కావాలనే తలకిందులు చేసిందని చాలామంది వ్యాఖ్యాతలు భావిస్తారు.

ఈ మెట్ల నడుమ కీర్తనల గ్రంథం ఉంది. దానిలోని 109, 137 కీర్తనలు శత్రువుకు కోరే కీడు ఎంత కటువుగా ఉంటుందంటే, వాటిని ఆదివారం ఆరాధనలో పూర్తిగా చదవడానికి చాలా సంఘాలు జంకుతాయి. ఆ జంకు వల్ల పోయేది ఎక్కువ. కీర్తనకారుడు తన పగను దాచుకోలేదు, దాన్ని దేవుడి ముందు ఫిర్యాదుగా పెట్టాడు, కత్తి చేతికి రాకముందే మాట నోటికి వచ్చేలా చేశాడు. పౌలు రోమా సంఘానికి రాసిన పత్రికలో ఇదే కదలిక సిద్ధాంతంగా స్థిరపడింది: 12వ అధ్యాయం చివర విశ్వాసులు తామే పగ తీర్చుకోకుండా దాన్ని దేవుడి ఉగ్రతకు వదిలేసి ఆకలిగొన్న శత్రువుకు అన్నం పెట్టాలని చెప్పిన ఆయన, 13వ అధ్యాయం మొదట్లోనే తప్పు చేసినవాడిని శిక్షించే పని పాలకుడిదని అంటాడు. మొదటి దాన్ని మాత్రమే బోధించి రెండోదాన్ని మరిచిపోయే ప్రసంగీకుడు బాధితుడికి సగం వాక్యమే చెప్పినట్టు.

క్షమాగుణం ఈ ప్రాంతానికి మిషనరీలు ఓడలో దించిన సరుకేమీ కాదు. పోతన ఊరుగా పేరుపొందిన బమ్మెర జనగామ జిల్లాలోనే, పాలకుర్తికి దగ్గరలో ఉంది. ఆయన భాగవతం ప్రథమ స్కంధంలో, నిద్రలో ఉన్న ఉపపాండవులను ఐదుగురినీ చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు నిలబెడితే, తాను ఏడుస్తున్నట్టు వాడి తల్లి కృపి ఏడవకూడదని ఆమె వాడిని విడిపించమంటుంది. భీముడు చంపాల్సిందేనంటాడు. చివరికి కృష్ణుడి ఆంతర్యం గ్రహించిన అర్జునుడు వాడి తలమీది మణిని తీసుకుని, జుట్టు తరిగి, శిబిరం నుంచి వెళ్లగొడతాడు; ప్రాణం మిగిలింది, శిక్ష కూడా పడింది. పగకు, శిక్షకు మధ్య ఉన్న తేడాను ఇంత సూటిగా చూపించే ఘట్టం తెలుగులో మరొకటి దొరకడం కష్టం. అయితే ద్రౌపది వాదంలో మాతృశోకంతో పాటు గురుపుత్రుడన్న మర్యాద, బ్రాహ్మణుడన్న గౌరవం కూడా పనిచేశాయి. క్రైస్తవ బోధ క్షమకు ఆధారాన్ని అపరాధి అంతస్తులో వెతకదు. మత్తయి 18వ అధ్యాయంలో, రాజు చేత పెద్ద అప్పు మాఫీ చేయించుకున్న దాసుడు తన తోటివాడి చిన్న అప్పుకు గొంతు పట్టుకున్న ఉపమానం చెప్పినట్టు, క్షమించేవాడు తాను కూడా ఒకప్పుడు క్షమ పొందినవాడేనన్న ఎరుక మీద అది నిలబడుతుంది. హంతకుడిది ఏ కులమైనా ఆ ఆధారం మారదు గనుక, కులం లెక్కతో తీర్పులు నడిచిన పల్లెల్లో ఈ తేడా చిన్నది కాదు.

ఆ తేడా ఆచరణలో ఎలా పనిచేసిందో చూడటానికి డోర్నకల్ వద్ద కాస్త ఎక్కువసేపు ఆగాలి. తిరునల్వేలి ప్రాంతపు వెళ్లాళన్‌విళై గ్రామంలో 1874లో పుట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, అక్కడి క్రైస్తవులు 1903లో స్థాపించుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ తరఫున నిజాం రాజ్యంలోని ఈ రైల్వే జంక్షన్‌కు వచ్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందారు. బిషప్పు అంటే ఒక ప్రాంతంలోని సంఘాలన్నింటికీ పెద్ద కాపరి. తెలుగు ఆయన మాతృభాష కాదు, వచ్చి నేర్చుకున్నదే. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల దానధర్మాలను మెచ్చుకుంటూనే, వారు భారతీయులకు ఇవ్వనిది స్నేహమని ఎత్తిచూపిన వక్త ఆయనే. అవమానాన్ని దిగమింగకుండా, పగగా కూడా మార్చకుండా, అవమానించినవారి సభలోనే నిలబడి చెప్పిన ఆ మాట ఈ వ్యాసాంశానికి మంచి నిదర్శనం.

ఆయన సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. పై కులాల అణచివేతను ఇద్దరూ భరించినా ఒకరి బావి నీళ్లు మరొకరు ముట్టని, ఒకరింట మరొకరు తినని పాత వైరం వారి మధ్య ఉండేది, బాప్తిస్మం పొందగానే అది మాయం కాలేదు. వాడకొక ఆరాధన పెట్టుకోవడం తేలిక దారి. అజరయ్య ఆ దారి పట్టలేదు. రొట్టెను, ద్రాక్షారసాన్ని క్రీస్తు శరీరరక్తాలుగా భావించి స్వీకరించే పరిశుద్ధ సంస్కారంలో రెండు కులాలవారు ఒకే బల్ల దగ్గర మోకరించాలని పట్టుబట్టారు. ఎంగిలి అన్న పట్టింపు బలంగా ఉన్న సమాజంలో ఒకే గిన్నె నుంచి తాగడమంటే ఎంత పెద్ద విషయమో తెలుగు పాఠకులకు వేరుగా చెప్పనక్కర్లేదు. ఆయన పూర్తిగా గెలిచారని చెప్పలేం, పెళ్లిళ్ల దగ్గరికి వచ్చేసరికి పాత గీతలు చాలాకాలం నిలిచాయి. ఇవాళ కూడా కొన్ని సంఘాల కమిటీ ఎన్నికల్లో అవి తొంగిచూస్తాయి.

ఈ పట్టుదలకు వెనుక ఉన్న నియమం అంతగా ఎవరూ పట్టించుకోనిది. ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథం, పరస్పరం ద్వేషంతో ఉన్న ఇద్దరిని రాజీపడేదాకా బల్ల దగ్గరికి రానివ్వవద్దని గురువును ఆదేశిస్తుంది. అందులో ఒకరు మనసారా క్షమించి తన తప్పు సరిదిద్దుకోవడానికి సిద్ధపడి, రెండోవాడు మొండికేస్తే, సిద్ధపడినవాడిని చేర్చుకుని మొండివాడిని ఆపమంటుంది. ఇందులోని తెలివి గమనించదగ్గది. బాధితుడి మనశ్శాంతి అపరాధి దయమీద ఆధారపడనక్కర్లేదు, అపరాధి మొండితనానికి మాత్రం ఊరందరి ముందు ఖరీదు కట్టాల్సి వస్తుంది. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటీరియన్ సంప్రదాయాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాక, 1950లో వెలువడిన దాని ఆరాధనా క్రమం, బల్లకు ముందు విశ్వాసులు ఒకరి చేతుల్లోకి మరొకరు చేతులు చేర్చి సమాధానం అందించుకునే పురాతన ఆచారాన్ని మళ్లీ తెచ్చింది. తర్వాత అనేక దేశాల సంఘాలు దాన్ని స్వీకరించాయి. కతోలికుల్లో గురువు ముందు వ్యక్తిగతంగా తప్పు ఒప్పుకునే పాపసంకీర్తనం, అమెరికన్ బాప్టిస్టు మిషన్ పనిచేసిన జనగామ వైపు సంఘకూటంలో పెద్దల ముందు జరిగే విచారణ ఇదే అవసరాన్ని వేరే రూపాల్లో తీర్చాయి. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్‌ను చూడటానికి వచ్చేవారు గుడి స్తంభాలను, మసీదు గుమ్మటాలను కలిపిన దాని కట్టడాన్ని మెచ్చుకుంటారు. లోపలి బల్ల దగ్గర జరిగిన పని అంతకంటే కష్టమైనది.

అజరయ్య 1945 జనవరి 1న మరణించారు. ఏడాదిన్నర తిరగగానే, 1946 జులై 4న, జనగామ ప్రాంతపు కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ గుండుకు దొడ్డి కొమరయ్య నేలకొరిగారు, తెలంగాణ సాయుధ పోరాటం రగులుకుంది. వెట్టి, భూముల గుంజుకోలు, గడీల దౌర్జన్యం తరాలుగా పోగుపడ్డ చోట న్యాయం అడగడానికి కోర్టు లేదు, పోలీసు ఠాణా దొర మాట వినేది. అటువంటప్పుడు తిరుగుబాటును పగ అని పిలిచి కొట్టిపారేయడం చరిత్రకు అన్యాయం. ఆ తిరుగుబాటులో పగ లేదని చెప్పడం కూడా నిజం కాదు. విసునూరు దేశ్‌ముఖ్ కొడుకును, భారత సైన్యం హైదరాబాద్ రాజ్యాన్ని స్వాధీనం చేసుకున్న పోలీసు చర్య తర్వాత జనగామలో జనం చంపిన ఉదంతాన్ని సాయుధ పోరాట కథనాలు ఇప్పటికీ విజయగాథగా చెబుతాయి.

1948 సెప్టెంబరు పోలీసు చర్య వెంబడి పూర్వపు హైదరాబాద్ రాజ్యంలో ముస్లింల మీద జరిగిన దాడులు పగకున్న అసలు స్వభావాన్ని ఇంకా కఠినంగా బయటపెడతాయి. భారత ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం మృతుల సంఖ్యను 27 వేల నుంచి 40 వేల దాకా అంచనా వేసింది. నష్టం అత్యధికంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో జరిగిందని పేర్కొంది. నిజాం పక్షాన ఆయుధం పట్టిన రజాకార్లు చేసిన దానికి చాలాచోట్ల బలైంది రజాకార్లు కారు, పొరుగింటి నేత కార్మికుడో చిరు వ్యాపారో. తమ ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువారిని కాపాడిన హిందువులను కూడా ఆ నివేదిక నమోదు చేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం చదవడానికి దొరకలేదు. జరిగింది జరిగిందని చెప్పుకునే వీలు కూడా లేకపోతే ఎవరు ఎవరిని క్షమించాలన్న ప్రశ్నే పుట్టదు.

కడవెండి పేరు మరోసారి వినిపించింది 1999 డిసెంబరు 2న. ఆ ఊరివాడైన ఎర్రంరెడ్డి సంతోష్‌రెడ్డి, నల్లా ఆదిరెడ్డి, శీలం నరేష్ అనే ముగ్గురు పీపుల్స్‌వార్ నక్సలైట్ పార్టీ అగ్రనాయకులు ఇప్పుడు భూపాలపల్లి జిల్లాలో ఉన్న కొయ్యూరు అడవుల్లో ఎదురుకాల్పుల్లో మరణించారని పోలీసులు ప్రకటించగా, వారిని బెంగళూరులో పట్టుకుని తెచ్చి చంపారని పార్టీ ఆరోపించింది. మూడు నెలలకు, 2000 మార్చి 7న, ఘట్‌కేసర్ దగ్గర మందుపాతర పేల్చి మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డిని నక్సలైట్లు చంపారు. అంతకుముందు 1999 ఏప్రిల్ 13న, అసెంబ్లీ మాజీ స్పీకర్ దుద్దిళ్ల శ్రీపాదరావును మహాదేవపూర్ అడవుల్లో నక్సలైట్లు కాల్చి చంపారు. ప్రతి మరణం తర్వాతి మరణానికి కారణంగా చూపబడే ఈ గొలుసులో ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో చనిపోయిన సామాన్యుల పేర్లు స్తూపాల మీద ఉండవు, శాసనసభలో వినిపించవు. ఈ గొలుసును తెంచడానికి 1997లో ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వాన ఏర్పడిన పౌర స్పందన వేదిక ప్రయత్నించింది, దాని కృషి 2004 అక్టోబరు శాంతి చర్చలకు దారి వేసింది, చర్చలు నిలవలేదు. ఆ వేదిక మతసంస్థ కాదు. కరుణ మీద క్రైస్తవులకు గుత్తహక్కు లేదని ఒప్పుకోవడానికి ఇది సరిపోతుంది. ఈ దశలో సంఘాలు సంస్థలుగా మధ్యవర్తి పాత్రలో పెద్దగా కనిపించకపోవడం మాత్రం అజరయ్య వారసత్వం దృష్ట్యా ఆలోచించాల్సిన లోటే.

క్షమాబోధకు గట్టి పరీక్ష కోస్తాలో ఎదురైంది. 1985 జులై 17న కారంచేడులో పెత్తందారీ కులంవారి దాడిలో ఆరుగురు మాదిగలు చనిపోయారు. బాధితుల్లో చాలామంది క్రైస్తవులు, వారు చీరాలకు పారిపోయి అక్కడి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. వారిని నిలబెట్టింది కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారు నడిపిన దళిత ఉద్యమం, దాని న్యాయపోరాటం. 1989లో ప్రధాన నిందితుల్లో ఒకరైన దగ్గుబాటి చెంచురామయ్యను నక్సలైట్లు చంపారు; బాధితుల తరఫున తీర్చుకున్న ఆ పగ బాధితుల చేతికి ఏమిచ్చిందో చెప్పడం కష్టం. అదే ఏడాది పార్లమెంటు ఆమోదించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మాత్రం కారంచేడు వంటి ఘటనల మీద లేచిన ఆందోళన వల్లనే వచ్చింది, నేటికీ పనిచేస్తోంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపిన కేసులో ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధించగా, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. న్యాయస్థానం ఇలా చేతులెత్తేసిన చోట మీరు క్రైస్తవులు గనుక క్షమించండని చెప్పేవాడి మాట బాధితుడి చెవికి ఎలా వినిపిస్తుందో ఊహించుకోవచ్చు. సంస్థానాల కాలం నుంచి పెద్దమనుషుల పంచాయితీలు ఇచ్చిన రాజీ తీర్పుల్లో ఎక్కువ భాగం ఈ మాటకు మరో రూపమే.

దీనికి భిన్నంగా కనిపించే ఉదాహరణలు ఉన్నాయి, వాటిని జాగ్రత్తగా చదవాలి. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు చిన్న కొడుకులను జీపులో సజీవదహనం చేసినవారిని భార్య గ్లాడిస్ బహిరంగంగా క్షమించి, బారిపదలోని కుష్ఠురోగుల సేవను కొన్నేళ్లు కొనసాగించారు. ఆమె క్షమ కేసును ఆపలేదు, ఆపమని ఆమె అడగలేదు. ప్రధాన నిందితుడి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1995లో మధ్యప్రదేశ్‌లో హత్యకు గురైన సిస్టర్ రాణి మరియ చెల్లెలు, తానూ సన్యాసినే, జైలుకు వెళ్లి హంతకుడికి రాఖీ కట్టారు. అతడు ఏళ్లపాటు జైలుశిక్ష అనుభవించి, పశ్చాత్తాపపడి, ఆ ఇంటి మనిషిలా మెలిగాడు. రెండు సందర్భాల్లోనూ నేరం నేరమని తీర్పు వచ్చింది, సత్యం బయటపడింది, క్షమించేవారి మీద ఊరి ఒత్తిడి లేదు. ఈ మూడూ ఉన్నప్పుడు క్షమ బలహీనత అనిపించదు.

మనస్తత్వశాస్త్రం ఈ విషయంలో వేదాంతానికి కొంత సాయం చేసింది. సొంత తల్లి దొంగల చేతిలో హత్యకు గురైన అమెరికన్ పరిశోధకుడు ఎవరెట్ వర్తింగ్టన్, ప్రతీకారం తీర్చుకోనని తీసుకునే నిర్ణయం వేరు, లోపలి కసి కరగడం వేరు అని వివరించాడు. మొదటిది ఒక రోజులో జరగవచ్చు, రెండోదానికి ఏళ్లు పడుతుంది. పల్లె సంఘాల్లో ఈ తేడా తెలియక, నిర్ణయం తీసుకున్నవాడికి కోపం మళ్లీ వచ్చినప్పుడల్లా అతడి విశ్వాసం చాలలేదని నిందించడం మామూలు. మరో మనస్తత్వవేత్త మైఖేల్ మెకల్లో 2008లో ప్రచురించిన గ్రంథంలో, పగ రోగం కాదని, మోసగాళ్లను అదుపు చేయడానికి మనిషిలో పరిణామక్రమంలో స్థిరపడిన సహజగుణమని, క్షమ కూడా అంతే సహజమని, ఏది పైకి వస్తుందో పరిసరాలు నిర్ణయిస్తాయని వాదించాడు. 18వ శతాబ్దపు బిషప్పు జోసెఫ్ బట్లర్ తన ప్రసంగాల్లో అన్యాయం పట్ల కోపం దేవుడిచ్చినదేనని, అది హద్దు మీరి పగగా మారడమే పాపమని చెప్పినదానికి ఇది దగ్గరగా ఉంది. కోపాన్ని పగగా మారకుండా కవిత్వంగా మలిచిన తెలుగు ఉదాహరణ కావాలంటే 1941 నాటి గబ్బిలం కావ్యం రాసిన జాషువాను మించినవారు లేరు. క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నదీ ఆ చేయే.

ఇంట్లో జరిగే హింస విషయంలో క్షమాబోధ ఎక్కువ ప్రమాదం చేస్తుంది. తాగి కొట్టే భర్తను ఏడు డెబ్బైల సార్లు క్షమించమని భార్యకు చెప్పే కాపరి ఆ లెక్కను ఎవరికి చెప్పాలో మరిచిపోయాడు. గట్టు తగాదాలతో దాయాదుల మధ్య, బాణామతి అనుమానంతో ఒంటరి ముసలివాళ్ల మీద పెరిగే కక్షల్లో కరుణకు ముందు కావాల్సింది నిజం తేల్చడం, అంటే సర్వేయరు, డాక్టరు, పోలీసు. చట్టం కూడా ఈ విభజనను పాటిస్తుంది: చిన్న దెబ్బల కేసును బాధితుడి ఇష్టంతో రాజీ చేసుకోవచ్చు, హత్యను గానీ ఎస్సీ, ఎస్టీ చట్టం కింది నేరాన్ని గానీ రాజీ చేసుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే అక్కడ గాయపడింది ఒక కుటుంబం మాత్రమే కాదు.

ఈ ప్రశ్న ఇప్పుడు భూపాలపల్లి వైపు కొత్త రూపంలో వచ్చింది. కొన్నేళ్లుగా, పీపుల్స్‌వార్ వారసత్వంగా వచ్చిన మావోయిస్టు పార్టీ నుంచి లొంగిపోయేవారు పెరిగారు, కొందరు పుట్టిన ఊళ్లకే తిరిగి వస్తున్నారు. ప్రభుత్వ పునరావాసం వారికి నగదు, ఉపాధి, రక్షణ చూపుతుంది. ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో తండ్రిని పోగొట్టుకున్న కొడుకు అదే వీధిలో ఉంటాడు, ఎన్‌కౌంటర్‌లో కొడుకును పోగొట్టుకున్న తల్లి రెండు ఇళ్ల అవతల ఉంటుంది, వారిలో కొందరు ఆదివారం ఒకే ప్రార్థన మందిరానికి వెళతారు. పోలీసు రికార్డులో లొంగుబాటు తేదీ ఉంటుంది గానీ తప్పు ఒప్పుకోవడానికి ఖాళీ గడి ఉండదు. ప్రార్థన మందిరంలో ఒప్పుకోవడానికి చోటుంది గానీ కేసు విషయం ఎత్తడానికి కాపరికి భయం. మొదటి మాట ఎవరు, ఎవరి ముందు, ఏ భరోసా మీద మాట్లాడాలన్నది పోలీసు అధికారీ, సంఘ పెద్దలూ, గ్రామ పంచాయతీ ఒకచోట కూర్చుంటే తప్ప తేలదు.